కెమెరా ప్రశ్నలు – జవాబులు: దేవమాలి మీద మాన్యువల్ సాధన

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో కొరాపుట్ జిల్లాలోని దేవమాలి కొండ మీద ఒక రాత్రి టెంట్ వేసుకుంటున్నాం. నా దగ్గర 18–55 కిట్ లెన్సున్న కెమెరా ఉంది. మాన్యువల్ మోడ్‌లో పెట్టి చూస్తే, అపర్చర్ (లెన్సు లోపలి రంధ్రం) తిప్పినా షట్టర్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం) తిప్పినా ఫొటోలో వెలుతురు మారడం లేదు. కెమెరా పాడైందా? – ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: పాడవలేదండీ. ఐఎస్ఓ (అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) ఆటోలో ఉండిపోయి ఉంటుంది. మీరు ఎంత వెలుతురు తగ్గిస్తే అంత ఐఎస్ఓ పెంచి కెమెరా లెక్క సరిచేసేస్తోంది. మెనూలో ఆటో ఐఎస్ఓ తీసేసి 100 పెట్టండి.

సాధన పగలే మొదలుపెట్టండి. టెంట్ వేశాక ఎండ బాగా ఉన్నప్పుడు, ఎండ పడుతున్న మనిషిని నిలబెట్టి అపర్చర్ ఎఫ్/16, షట్టర్ 1/100 సెకను దగ్గర ఒక ఫొటో తీయండి (ఎఫ్ అంకె తగ్గితే రంధ్రం పెద్దదవుతుంది). తర్వాత ఎఫ్/11, 1/200. ఆపైన ఎఫ్/8, 1/400. మూడింటిలోనూ వెలుతురు ఒకటే రావాలి, ఎందుకంటే అపర్చర్ ఒక మెట్టు (అంటే రెట్టింపు వెలుతురు) తెరిచిన ప్రతిసారీ షట్టర్ సమయం సగం చేశారు. ఇది చేతికి అలవాటైతే మాన్యువల్‌లో సగం పని అయిపోయినట్టే.

కొండ మీదికి మబ్బు వచ్చిందనుకోండి, ఎండతో పోలిస్తే సుమారు రెండు మెట్లు తగ్గుతుంది. ఎఫ్/8లో 1/100కి దిగాలి. కానీ పరుగెత్తే పిల్లలు 1/100లో చెదిరిపోతారు. అప్పుడు షట్టర్ 1/400లోనే ఉంచి ఐఎస్ఓ 400 చేయండి. పొద్దున్నే పొగమంచు తీసేటప్పుడు మాత్రం కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ మాట నమ్మకండి. తెల్లదనాన్ని బూడిదరంగు చేసేస్తుంది. సూది సున్నా దాటి ప్లస్ ఒకటి దగ్గర ఉండాలి.

ప్రశ్న: ట్రైపాడ్ మీద పెట్టి 30 సెకన్లు తీసినా నక్షత్రాలు ముద్దముద్దగా వస్తున్నాయి. నాదీ 18–55 కిట్ లెన్సే, 18 దగ్గరే తీస్తున్నాను. – ఒక పాఠకుడు, జైపూర్

జవాబు: రెండు కారణాలు కలిసి ఉంటాయి. చుక్క చిన్న గీతలా సాగితే సమయం ఎక్కువైనట్టు. గుండ్రంగా ఉబ్బితే ఫోకస్ తప్పినట్టు. సమయానికి లెక్క సులువే: 500ను లెన్సు ఫోకల్ పొడవుతో (లెన్సు మీద ఉండే 18, 55 లాంటి అంకె) భాగించాలి. ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న) సెన్సర్ కెమెరా అయితే ముందు ఆ పొడవును 1.5తో గుణించాలి. 18 అంటే 27 అవుతుంది, 18 సెకన్లు వస్తాయి. 15కే ఆపేయడం మంచిది.

చీకట్లో ఆటోఫోకస్ చేతులెత్తేస్తుంది. లెన్సు పక్క మీట ఎంఎఫ్‌కి (చేత్తో ఫోకస్) తిప్పండి. లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) లుబ్ధకం (సిరియస్) లాంటి బాగా వెలిగే నక్షత్రాన్ని పది రెట్లు పెద్దది చేసి, చుక్క అన్నిటికన్నా చిన్నదయ్యేదాకా ఫోకస్ రింగు మెల్లగా తిప్పండి. కాస్త దాటించి వెనక్కి తెస్తేనే సరైన చోటు తెలుస్తుంది. తర్వాత జూమ్ ముట్టుకోవద్దు, ఫోకస్ కదిలిపోతుంది. రింగు మీద చిన్న టేపు అంటించండి. ఎఫ్/3.5, ఐఎస్ఓ 3200, రెండు సెకన్ల టైమర్, స్టెబిలైజర్ ఆఫ్. పిల్లలకోడి (కృత్తిక) చుక్కలు విడివిడిగా కనబడితే ఫోకస్ కుదిరినట్టే. చీకట్లో స్క్రీన్ అబద్ధం చెబుతుంది, డల్‌గా ఉన్న ఫొటో కూడా కాంతివంతంగా కనిపిస్తుంది. హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫు) ఎడమ గోడకు అతుక్కుపోలేదని చూసుకోండి. వెన్నెల రాత్రి ఈ వెలుతురు లెక్కలు చెల్లవు.

ప్రశ్న: చలిమంట దగ్గర ముఖాలు నల్లగా వస్తున్నాయి. ఫ్లాష్ వేస్తే మంట అందం పోతోంది. – ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: ఫ్లాష్ వద్దు. మంట ఫ్రేములో ఉంటే మీటర్ దాన్నే చూసి వెలుతురు తగ్గించేస్తుంది. ఐఎస్ఓ 1600, ఎఫ్/3.5, 1/60తో మొదలుపెట్టి, ముఖం చూసి సర్దండి, మంట తెల్లబడినా పరవాలేదు. జూమ్ 55కి లాగితే అపర్చర్ తానే ఎఫ్/5.6కి మూసుకుంటుంది, ఒక మెట్టుకు పైగా వెలుతురు పోతుంది. అందుకే లాగకుండా మీరే దగ్గరకు జరగండి. వైట్ బ్యాలెన్స్ (ఫొటో రంగుల సర్దుబాటు) ఆటోలో ఉంటే మంట ఎరుపు చల్లారిపోవచ్చు. దాన్ని 3500–4000 కెల్విన్ దగ్గర పెడితే బాగుంటుంది.

ప్రశ్న: చలిలో బయట ఉంచిన కెమెరాను కారులోకి తెస్తే లెన్సంతా ఆవిరి పట్టింది. – ఒక పాఠకుడు, కొరాపుట్

జవాబు: తేమ గాలి చల్లటి గాజుకు తగిలి నీరవుతుంది. లోపలికి తెచ్చే ముందే, బయటే, జిప్ కవర్లో పెట్టి మూసేయండి. అర గంటో గంటో ఆగి తెరవండి. ఆవిరి మీద లెన్సు విప్పితే తేమ సెన్సర్ దాకా వెళ్తుంది. స్పేర్ బ్యాటరీ చలికి త్వరగా డీలా పడుతుంది, చొక్కా లోపలి జేబులో ఉంచుకోండి.