పూలబండిలో నాలుగో నంబరు గాలి

ప్రశ్న: అయ్యా, నాకు ఒక పికప్ బండి ఉంది. చేవెళ్ల వైపు తోటల నుంచి తెల్లవారుజామున గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూలు తెస్తాను. బంతి, చామంతి వెనక వేసి, మల్లె మూటలు మాత్రం వాడిపోకుండా క్యాబిన్‌లో నా పక్క సీటు కింద సర్ది ఏసీ వేస్తాను. కొన్నాళ్లుగా బ్లోయర్ నాబ్ 1, 2, 3 మీద గాలి రావడం లేదు, 4 మీదే వస్తోంది. బ్లోయర్ వేగం తగ్గించే రెసిస్టర్ రెండుసార్లు మార్పించాను. మొదటిది రెండు నెలలు, రెండోది 20 రోజులు పనిచేశాయి. ప్లాస్టిక్ కాలిన వాసన కూడా వస్తోంది. ఎలక్ట్రీషియన్ 30 ఆంపియర్ల ఫ్యూజు తీసి 40ది పెట్టాడు, ఇప్పుడు మొత్తం కంట్రోల్ ప్యానెలే మార్చాలంటున్నాడు. గాలి రాని నంబర్లలో కంప్రెసర్ కూడా ఆన్ కావడం లేదు. గ్యాస్ కూడా అయిపోయిందా?
— ఒక పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: ప్యానెల్ ఇప్పుడే కొనకండి. అది బాగానే ఉండవచ్చనడానికి ఆధారం మీ ఉత్తరంలోనే ఉంది. నాబ్ తిప్పే రకం బండ్లలో చాలావాటికి నాలుగో నంబరు మీద కరెంటు రెసిస్టర్‌తో పని లేకుండా నేరుగా మోటారుకు వెళుతుంది, కింది మూడు నంబర్లలో మాత్రం రెసిస్టర్ గుండా వెళ్లి, వోల్టేజీ కొంత అక్కడే ఖర్చయి, మోటారు నెమ్మదిగా తిరుగుతుంది. ఒక్క నంబరే పోయి ఉంటే నాబ్ లోపలి స్విచ్చిని అనుమానించవలసి వచ్చేది. మూడూ కలిసి పోయాయంటే రెసిస్టర్ మీద అతికించి ఉండే, వేడెక్కితే తెగిపోయే ఉష్ణ ఫ్యూజు తెగిందనుకోవడమే సబబు.

అయితే రెసిస్టర్ కాలడం రోగం కాదు, రోగలక్షణం. ఆ ముక్కను గాలిగొట్టంలోకి పొడుచుకు వచ్చేలా అమర్చేది బ్లోయర్ గాలే దాన్ని చల్లబరుస్తుందని. మోటారు బిగుసుకుని బరువుగా తిరిగితే కరెంటు ఎక్కువ లాగుతుంది, గాలి తక్కువ విసురుతుంది. అంటే రెసిస్టర్‌కు వేడి పెరిగిన సమయంలోనే చల్లదనం తగ్గుతుంది. ఇక మోటారు ఎందుకు బిగుసుకుందన్నది మీ పక్క సీటు కింద వెతకండి. ఏసీలో లోపలి గాలినే తిప్పే మీట వేసినప్పుడు బ్లోయర్ గాలిని పీల్చుకునేది సాధారణంగా ఎడమవైపు డ్యాష్‌బోర్డు అడుగు నుంచే, మీరు మల్లె మూటలు సర్దేది సరిగ్గా దాని ముంగిట. పూల రెక్కలు, నారపోగులు, తడి ఆకులు బ్లోయర్ చక్రంలో చుట్టుకోకపోతేనే ఆశ్చర్యం.

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, బ్లోయర్ కింది కనెక్టర్ తీసి, చక్రాన్ని వేలితో తిప్పి చూడండి. తేలికగా తిరిగి మెల్లగా ఆగాలి. గరగరలాడినా, వేలు తీయగానే టక్కున నిలిచిపోయినా మోటారును బయటికి తీసి శుభ్రం చేయాలి. మోటారు ఇరుసును పట్టి ఉంచే బుష్ అరిగి ఉంటే మోటారే మార్చాలి. ఆ ప్రాంతంలో పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి వెళ్లకండి.

కాలిన వాసన దగ్గర కాసేపు ఆగాలి. రెసిస్టర్ కనెక్టర్‌ను, మోటారు కనెక్టర్‌ను వెలుతురులో తిప్పి చూడండి. ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మారి కాస్త వంగి ఉన్నా, లోపలి రాగి నల్లబడి ఉన్నా, కొత్త రెసిస్టర్‌ను ఆ పాత కనెక్టర్‌కే తగిలించడం వల్ల ప్రయోజనం లేదు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు మల్టీమీటరు చాలు: కనెక్టర్లను, బ్యాటరీని మళ్లీ తగిలించి, బ్లోయర్‌ను 4 మీద పెట్టి, బ్యాటరీ దగ్గరా మోటారు రెండు పిన్నుల మధ్యా వోల్టేజీ కొలవండి. రెండింటికీ ఒక వోల్టు తేడా ఉండి, మోటారు 15 ఆంపియర్లు లాగుతోందనుకోండి, దారిలో 15 వాట్లు వేడిగా మారుతున్నట్టే. చిన్న సోల్డరింగ్ ఐరన్ వేడి అంతే కదా! అది ఒకే పిన్నులో పుడితే ప్లాస్టిక్ కరగక ఏమవుతుంది? కరెంటు కొలవాలంటే మాత్రం వైరు తెంపకుండా దాని చుట్టూ పట్టి కొలిచే డీసీ క్లాంప్ మీటరే కావాలి. చాలా మల్టీమీటర్ల పరిమితి 10 ఆంపియర్లే కాబట్టి వైరు మధ్యలో దాన్ని పెట్టకండి.

వైరు ముక్కలతో సహా కొత్త కనెక్టర్లు రాణిగంజ్‌లోని స్పేర్‌పార్ట్స్ దుకాణాల్లో అడగండి. వైరు పాతదానంత మందం ఉండాలి. మెలితిప్పి టేపు చుట్టి వదిలేయక, వైరు కొసలకు లోహపు లగ్గులు తొడిగి నొక్కించి అతికించమనండి.

ఇక 40 ఫ్యూజు. దాన్ని ఈ రోజే తీసేయండి. ఫ్యూజు కాపాడేది మోటారును కాదు, వైరును. 30 ఆంపియర్లకు తగిన వైరుకు 40ది కాపలా పెడితే, ముందు కాలేది ఫ్యూజు కాదు, డ్యాష్‌బోర్డు వెనకాల వైరింగ్. ఫ్యూజు బాక్సు మూత మీద అచ్చువేసిన సంఖ్యే ప్రమాణం. 30 అని ఉంటే ఆకుపచ్చ ఫ్యూజే వేయండి. అది పదే పదే తెగుతోందంటే మోటారు బిగుసుకుందని అదే మీకు చెబుతోంది.

కంప్రెసర్ సంగతి వేరే లోపం కాదు. బ్లోయర్ తిరగనప్పుడు కంప్రెసర్ నడిస్తే డ్యాష్‌బోర్డు లోపలి కాయిల్ మీద మంచు గడ్డకడుతుంది కాబట్టి, చాలా బండ్లలో బ్లోయర్ లేనిదే దానికి కరెంటు అందకుండా ఏర్పాటు చేస్తారు. నాలుగో నంబరులో చల్లదనం మునుపటిలాగే ఉంటే గ్యాస్ నింపించనక్కరలేదు.