రాత్రి ఒంటిగంటన్నరకు అలారం

రాజమహేంద్రవరం

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ ఇంటికి వచ్చిన ఆడ కుక్కపిల్ల వల్ల మూడు రాత్రులుగా నీకూ అల్లుడుగారికీ కంటి మీద కునుకు లేదనీ, తెల్లవారేసరికి మంచం పక్కన ఒకటి, తలుపు దగ్గర ఒకటి మడుగులు కడుతున్నాయనీ నువ్వు ఫోనులో చెప్పావు. ఆ హడావిడిలో చెప్పడం కుదరని సంగతులు చాలా ఉన్నాయి కనుక తీరిగ్గా కాగితం మీద పెడుతున్నాను. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసిన 31 ఏళ్ళలో నా చేతుల మీదుగా వెళ్ళినవి ఎక్కువగా ఆవులూ గేదెలే అయినా, ఇంట్లో మాత్రం ఇప్పటికి ఆరు కుక్కలను పాలు మరిచిన నాటి నుంచి పెంచాను. అందులో మొదటిదాన్ని పెంచిన తీరు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ సంగతి తరువాత చెబుతాను.

నీ కుక్కపిల్లకు 8 వారాలు. ఇల్లు పాడుచేయాలన్న ఉద్దేశం దానికి లేదు, పాడుచేయకూడదన్న జ్ఞానమూ ఇంకా లేదు. మూత్రాశయం చిన్నది, దాన్ని బిగబట్టే కండరాల మీద పట్టు రాలేదు. కుక్కలను పెంచేవాళ్ళు చెప్పుకునే లెక్క ఒకటుంది: పిల్లకు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే, అది మహా అయితే అన్ని గంటలు ఆపుకోగలదు. అంటే రెండు నెలల పిల్లకు మూడు గంటలు. మెలకువగా ఉండి గెంతుతున్నప్పుడు అంతసేపు కూడా ఆగలేదు. నిద్రలో కదలిక ఉండదు, నీళ్ళు తాగదు కనుక ఆ లెక్క దాకా రాగలదు. రాత్రి పదిన్నరకు పడుకోబెట్టి ఉదయం ఆరింటి దాకా ఆగమనడం చంటిపిల్లను పక్క తడపవద్దనడం లాంటిదే. కాబట్టి దానికి అవసరం ముంచుకొచ్చి, అది ఏడ్చి నిన్ను లేపే దాకా రానివ్వకు. అంతకు ముందే నువ్వు లేచి దాన్ని లేపు. నేను రాయబోయేదంతా ఈ ఒక్క మాటకు వివరణ అనుకో.

ముందు పడుకునే చోటు సరిచూడాలి. పుట్టిన మొదటి రెండు మూడు వారాలు తల్లికుక్క పిల్లలను నాకి మలమూత్రాలు బయటికి వచ్చేలా చేసి, వాటిని తానే శుభ్రం చేస్తుంది. ఆ తరువాత కాళ్ళు కుదురుకున్న పిల్లలు తమంతట తామే పక్క వదిలి, తప్పటడుగులతో కాస్త అవతలికి వెళ్ళి పని కానిచ్చుకుని వస్తాయి. పడుకునే చోటు తడపకూడదన్న ఆ పుట్టుబుద్ధి మీద ఆధారపడే మనం మిగతాదంతా నేర్పాలి. హాలంతా దానికి వదిలేస్తే ఈ మూల పడకగది, ఆ మూల మరుగుదొడ్డి అని అదే పంచుకుంటుంది. ఇనుపచువ్వల క్రేట్ కొంటే, అది లేచి నిలబడి, ఒక చుట్టు తిరిగి, కాళ్ళు చాచి పడుకునేంత చోటే ఉండాలి. పెద్దయ్యాక కూడా పనికొస్తుందని ఇప్పుడే పెద్దది కొనే పక్షంలో మధ్యలో అడ్డుపలక పెట్టించు. క్రేట్ వద్దనుకుంటే గట్టి అట్టపెట్టె కూడా ఒక నెల రోజులు నడుస్తుంది. అడుగున పాత నూలుచీర మడతవేసి పరచు. పగలు అందులోనే తిండి పెట్టి, తలుపు తెరిచి ఉంచి, దానంతట అది వెళ్ళి కునుకు తీసేలా అలవాటు చెయ్యి. అలవాటు చేయకుండా రాత్రి తోసి గడియ వేస్తే దాని ఏడుపుకు అర్థం ఉంటుంది కదా.

ఆ క్రేట్ నీ మంచం పక్కనే, చెయ్యి జారవిడిస్తే అందేంత దగ్గరలో ఉండాలి. రాత్రికి దాన్ని బాల్కనీలో వదిలి తలుపు మూసేద్దామని అల్లుడుగారు అన్నారని చెప్పావు. ఆయన పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళవలసినవారు, ఆ విసుగు నాకు తెలియనిది కాదు, కానీ ఆ పని మాత్రం చేయవద్దు. తల్లినీ తోబుట్టువులనూ వదిలి వచ్చి వారం కాని పిల్ల, కింద వీధికుక్కలు మొరుగుతుంటే, వాన జల్లు కొడుతుంటే, ఒంటరిగా ఎంత ఏడ్చినా నీకు వినపడదు. చివరికి అది పడుకున్న చోటే తడిపి ఆ తడిలోనే నిద్రపోతుంది. నాలుగు రాత్రులు అలా గడిస్తే తడిపక్కకు అలవాటుపడి ఆ పుట్టుబుద్ధి మొద్దుబారుతుంది; ఇరుకు గూళ్ళలో పెరిగి అమ్ముడైన పిల్లలకు ఇల్లు నేర్పడం అందుకే కష్టమవుతుంది.

ఇక తిండి, నీళ్ళు. సాయంత్రం ఏడింటికల్లా చివరి తిండి అయిపోవాలి. చిన్నపిల్లే కదా అని పడుకునే ముందు గిన్నెడు గేదెపాలు పోస్తున్నావేమో, వెంటనే మానెయ్యి. పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి కుక్కపిల్లలకు తల్లిపాలు మానేకొద్దీ తగ్గిపోతుంది. పైగా కుక్కపాలలో కంటే గేదెపాలలో ఆ చక్కెర ఎక్కువ. విరేచనాలు పట్టుకుంటే ఏ అలారమూ నిన్ను కాపాడదు. నీళ్ళ గిన్నె మాత్రం పగలంతా అందుబాటులో ఉంచి, పడుకోవడానికి ఒక గంట ముందు తీసెయ్యి. అది కూడా వాతావరణం చల్లగా ఉన్నప్పుడే. ఉక్కపోతగా ఉండి, పిల్ల నాలుక చాచి వగరుస్తుంటే నీళ్ళు ఇవ్వవలసిందే, ఇంకోసారి లేవవలసిందే. ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా బాగా ఆడించి, చివరి గంట మాత్రం నెమ్మదిగా ఉండనిచ్చి, పదిన్నరకు ఆఖరిసారి తిప్పి పడుకోబెట్టు. అలారం ఒంటిగంటన్నరకు ఒకటి, నాలుగున్నరకు ఒకటి పెట్టుకో. మొదటిది నువ్వు, రెండవది అల్లుడుగారు అని పంచుకుంటే ఇద్దరికీ నాలుగైదు గంటల ఏకనిద్ర దక్కుతుంది.

వరసగా నాలుగు రాత్రులు పక్క పొడిగా ఉంటే, అలారాలను పదిహేను నిమిషాలు ఆలస్యంగా మోగేలా జరుపు. మళ్ళీ నాలుగు రాత్రులు చూసి మరో పదిహేను. ఎప్పుడైనా తడిస్తే, నువ్వు తొందరపడ్డావని అర్థం. పాత సమయానికి వచ్చెయ్యి. ఇలా జరుపుకుంటూ పోతే మూడు నెలలు దాటేసరికి రాత్రికి ఒకసారి లేవడంతో సరిపోతుంది, నాలుగు నెలలు నిండాక చాలా పిల్లలు ఆరేడు గంటలు నిద్రపోతాయి. కొన్నిటికి ఆరో నెల కూడా పడుతుంది. నా ఆరింటిలో ఒకటి మూడున్నర నెలలకే కుదురుకుంది, మరొకటి, చూడటానికి అన్నిటికంటే తెలివైనదే, నన్ను ఆరు నెలల దాకా లేపింది.

రాత్రి లేచినప్పుడు నీ ప్రవర్తన ఎలా ఉండాలో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది తప్పేది ఇక్కడే. పెద్ద దీపం వేయకు, ముద్దు మాటలు వద్దు. క్రేట్ తెరిచిన వెంటనే పిల్లను రెండు చేతులా ఎత్తుకో, నడిపించకు; నడిచే ఆ పదడుగుల్లోనే పని అయిపోతుంది. నేరుగా దానికి కేటాయించిన చోట దింపి, మెడపట్టీకి తాడు కట్టి, నువ్వు కదలకుండా నిలబడు. ఒకే మాట, నీకిష్టమైనది ఏదైనా సరే, ప్రతిసారీ అదే మాట, నెమ్మదిగా అను. నేను "కానీ" అనేవాణ్ణి. ఆరు కుక్కలూ ఆ మాటకు కట్టుబడ్డాయి. పని అయిన రెండు మూడు క్షణాల్లోనే, అక్కడే, చిన్న తిండిముక్క పెట్టి మెచ్చుకో. లోపలికి వచ్చాక పెట్టావంటే లోపలికి వచ్చినందుకు పెట్టావనుకుంటుంది. ఐదు నిమిషాలు నిలబడినా ఏమీ చేయకపోతే ఎత్తుకుని క్రేట్‌లో పెట్టేసి, పావుగంట ఆగి మళ్ళీ తీసుకెళ్ళు. ఆట మొదలుపెడితే బొమ్మలా నిలబడు. రాత్రి లేస్తే ఆట దొరుకుతుందని ఒక్కసారి తెలిసిందంటే, అవసరం లేకపోయినా లేపుతుంది.

అలారానికీ అలారానికీ మధ్య ఏడిస్తే ఏం చేయాలని అడిగావు. నిద్రలోంచి లేచి, గుండ్రంగా తిరుగుతూ, నేల వాసన చూస్తూ సన్నగా కుయ్‌మంటే అది అవసరం, వెంటనే తీసుకెళ్ళు. ఇప్పుడే బయటికి వెళ్ళి వచ్చి, పడుకుని, మూలుగుతూ ఉంటే అది ఒంటరితనం. చువ్వల సందులోంచి వేళ్ళు పెట్టి ఊరుకో, మాట్లాడకు. మొదట్లో తేడా తెలియదు. తెలియనప్పుడు తీసుకెళ్ళడమే నయం.

మీది నాలుగో అంతస్తు కనుక ఎక్కడికి తీసుకెళ్ళాలన్నది పెద్ద ప్రశ్నే. టీకాలు పూర్తికాని పిల్లను వీధికుక్కలు తిరిగే నేల మీద దింపవద్దు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది, చిన్న కుక్కపిల్లలను రెండు మూడు రోజుల్లోనే తీసుకుపోగలదు. డాక్టరుగారు ఇచ్చే టీకాల వరస 16 వారాల వయసు దాకా సాగుతుంది కాబట్టి, అప్పటిదాకా బాల్కనీయే దాని పెరడు. అంచులున్న ప్లాస్టిక్ ట్రేలో పాత దినపత్రికలు పరచు, దొరికితే పచ్చగడ్డి ముక్కగాని, కృత్రిమ గడ్డి చాపగాని వెయ్యి. రేపు బయట మట్టి మీద చేయడం నేర్పేటప్పుడు, కాగితం అలవాటున్న పిల్ల కంటే గడ్డి అలవాటున్న పిల్ల సులువుగా మారుతుంది. కాగితాలు మార్చినప్పుడు కొద్దిగా తడిసిన ఒక ముక్క అడుగున ఉంచితే ఆ వాసనే దానికి దారి చూపుతుంది. ట్రే నుంచి కారి కింది అంతస్తువారి దండెం మీద పడితే మాత్రం నా ఉత్తరాలేవీ నీకు అక్కరకు రావు. బాల్కనీ చువ్వల మధ్య దాని తల పట్టేంత సందు ఉందేమో ఈ రోజే చూసి, వల కట్టించు.

ఇప్పుడు నా మొదటి కుక్క సంగతి. 1986లో టైగర్ అనే పిల్లను తెచ్చాను. ఇంట్లో తడిపినప్పుడల్లా ముక్కు అందులో రాయాలని, చుట్టిన పత్రికతో వీపు మీద ఒకటి వేయాలని పెద్దలు చెప్పగా విని, అలాగే చేశాను. వారం తిరిగేసరికి మడుగులు కనబడటం మానేశాయి. నా అంత శిక్షకుడు లేడని చుట్టుపక్కల చెప్పుకున్నాను కూడా. రెండు నెలల తరువాత మీ పెద్దమ్మ కొట్టుగదిలో బియ్యం బస్తా జరిపేసరికి, అడుగు బస్తా గోనె చివికి, బియ్యం పసుపుపచ్చగా ముక్కిపోయి ఉన్నాయి. ఇంట్లో చేయకూడదని వాడికి అర్థం కాలేదు, నా కంటపడేలా చేయకూడదని మాత్రమే అర్థమైంది. అంతకంటే పెద్ద నష్టం, నేను తాడు పట్టుకుని పక్కన నిలబడితే బయట కూడా చేసేవాడు కాదు. ఆ భయం పోగొట్టడానికి దాదాపు ఏడాది పట్టింది. కాబట్టి తెల్లవారి మడుగు కనిపిస్తే కుక్కపిల్ల వంక చూడను కూడా చూడకుండా తుడిచెయ్యి. చేస్తుండగా చూస్తే మాత్రం చిన్నగా చప్పట్లు కొట్టి, ఎత్తుకుని ట్రేలో పెట్టు, మిగిలింది అక్కడ చేస్తే మెచ్చుకో.

తుడవడానికి ఫినాయిల్ వాడకు. అందులోని ఘాటు దాని ముక్కుకూ పాదాలకూ మంచిది కాదు, నల్ల ఫినాయిల్ అయితే నాకితే విషమే. అమ్మోనియా కలిసిన ద్రావకాలు అంతకన్నా పనికిరావు. వాటి వాసన మూత్రం వాసనను పోలి ఉండి మళ్ళీ అక్కడికే పిలుస్తుంది. ముందు పొడిగుడ్డతో అద్ది పీల్చేయించి, నీళ్ళతో కడిగి, సగానికి సగం నీళ్ళు కలిపిన వెనిగర్‌తో తుడువు. పెంపుడు జంతువుల దుకాణాల్లో ఎంజైముల ద్రావకం దొరుకుతుంది, తివాచీకీ పరుపుకీ అదే సరైనది.

అల్లుడుగారు సాయంత్రం ఇంటికి రాగానే ఆనందంతో నాలుగు చుక్కలు వదులుతోందన్నావు. అది వేరే సంగతి, వయసుతో పోతుంది. ఆయన వచ్చిన వెంటనే వంగి పలకరించకుండా ఒక రెండు నిమిషాలు ఊరుకుంటే చాలు. కానీ కొన్నాళ్ళు పొడిగా ఉన్న పిల్ల ఉన్నట్టుండి మాటిమాటికీ కూర్చుంటూ చుక్కలు చుక్కలుగా పోస్తున్నా, రంగు ఎర్రబడినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండవచ్చు కనుక అది శిక్షణతో తీరేది కాదు, డాక్టరుగారికి చూపించు. విరేచనాలకు నులిపురుగులు కూడా కారణం కావచ్చు. మందు వేయించిన తేదీ చూసుకో. వాంతులతో పాటు నెత్తుటి విరేచనాలు మొదలైతే మాత్రం తెల్లవారనీ అని ఆగవద్దు, ఆ రాత్రే తీసుకెళ్ళాలి.

ఒక చిన్న నోటుపుస్తకం క్రేట్ పక్కన పెట్టుకుని, ఏ రాత్రి ఎన్నింటికి లేపావో, అప్పటికి పక్క పొడిగా ఉందో తడిసిందో ఒక్కో వరుసలో రాసుకో. పది రోజుల తరువాత ఆ పేజీలు ఫోటో తీసి నాకు పంపితే, అలారం ఎంత జరపవచ్చో చూసి చెబుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న

తా.క. చెప్పులు మంచం పక్కనే పెట్టుకుని పడుకో. నిద్రమత్తులో తడినేల మీద కాలు జారి నడుము పట్టించుకున్న అనుభవం కూడా ఈ ఇంట్లో ఉంది. ఎవరిదో పెద్దమ్మను అడుగు.