ఎండలు ముదిరితే నేరాలు పెరుగుతాయా?

ప్రశ్న: మేడమ్, మాది విజయవాడ. మే నెల వచ్చిందంటే మా వీధిలో రోజూ ఏదో ఒక కొట్లాటే. ఎండలకి నేరాలు పెరుగుతాయంటారు, నిజమేనా?

జవాబు: చాలావరకు నిజమేనమ్మా. 1830ల్లోనే బెల్జియం లెక్కల పండితుడు అడాల్ఫ్ కెట్లే ఫ్రాన్స్ కోర్టు లెక్కలు తిరగేసి, మనుషుల మీద దాడులు ఎండాకాలంలో, దొంగతనాలు చలికాలంలో ఎక్కువని తేల్చాడు. ఈమధ్య లాస్ ఏంజెలిస్‌లో చూస్తే ఎండ 29 డిగ్రీలు దాటిన రోజుల్లో, మనకైతే అది హాయిగా ఉండే రోజే, హింసాత్మక నేరాలు దాదాపు 5.7 శాతం ఎక్కువ, అదీ పేదల పేటల్లో మరీను. 1980ల్లో అమెరికాలోనే ఫీనిక్స్ సిటీలో గ్రీన్ సిగ్నల్ పడ్డాక కూడా ఒక కారు కదలకుండా ఆపి ఉంచి వెనకాలవాళ్ళు ఎంత హారన్ కొడతారో చూశారు, ఎండ పెరిగేకొద్దీ మోత పెరిగింది, అద్దాలు దించుకుని కూర్చున్నవాళ్ళు, అంటే ఏసీ లేనివాళ్ళయితే ఇంకా ఎక్కువ.

ఒళ్ళు ఉడికిపోతుంటే, రాత్రి నిద్ర లేకపోతే చిరాకు ఎలాగూ ఉంటుంది, పైగా ఇంట్లో ఉండలేక జనం రోడ్డు మీదే ఉంటారు, మందు షాపుల దగ్గర చేరతారు. వాన పడిందా, ఎవరి కొంపకి వాళ్ళు.

నాకు బాధనిపించేది మాత్రం వీధిలో గొడవ కాదు, ఇంట్లో గొడవ. ఇండియా, పాకిస్తాన్, నేపాల్‌లలో దాదాపు 2 లక్షల మంది ఆడవాళ్ళ వివరాలతో 2023లో ఒక స్టడీ వచ్చింది, ఏడాది సగటు ఉష్ణోగ్రత 1 డిగ్రీ ఎక్కువుంటే భర్తల చేతిలో హింస సుమారు 4.5 శాతం ఎక్కువ కనబడిందట. రేకుల ఇల్లు, ఒక్కటే ఫ్యాను, అదీ కరెంటు ఉంటేనే, ఆ ఎండకి కూలిపని కూడా సరిగ్గా దొరకదు. అలాగని ఎండ సాకు చెప్పే మొగుడి మాట నేను ఒప్పుకోను, అదే రేకుల కింద పొయ్యి ముందు ఆవిడా ఉడుకుతోంది కదా, ఆవిడ ఎవరి మీదా చెయ్యెత్తట్లేదే. మీ వీధిలో అలాంటి ఇల్లుంటే ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యండి, అప్పటికప్పుడు పోలీసులు కావాలంటే 112.

ప్రశ్న: సెలవులకి ఊరెళ్తున్నాం, ఇంటికి తాళం. దొంగతనాలు చలికాలంలోనే అయితే భయం లేనట్టేనా?

జవాబు: అది ఫ్రాన్స్ లెక్కండీ. మన దగ్గర ఇళ్ళకి తాళాలు పడేది వేసవి సెలవుల్లో, సంక్రాంతికి, దొంగలు కాసుకునేదీ అప్పుడే. తాళం వేసిన ఇళ్ళ మీద నిఘాకి ఆంధ్రప్రదేశ్ పోలీసులు పెట్టిన ఎల్‌హెచ్ఎంఎస్ యాప్‌లో ఊరెళ్తున్నట్టు ముందే చెప్తే ఇంట్లో కెమెరా పెడతారు, ఫ్రీయే.