మనవడి ఐస్ హాకీ కోసం రెండెకరాలు అమ్మవచ్చా?

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. వయసు 67. కావలిలో సొంత ఇల్లు, బుచ్చిరెడ్డిపాళెం దగ్గర నాలుగెకరాల మాగాణి ఉన్నాయి. పొలం కౌలుకిచ్చాను. పెన్షన్ 46 వేలు, బ్యాంకులో 38 లక్షలు. నా భార్యకు షుగరు, మోకాళ్ళ నొప్పులు. మా అబ్బాయి కెనడాలోని బ్రాంప్టన్‌లో ఉంటాడు. మనవడికి పదిహేనేళ్ళు, ఐస్ హాకీ బాగా ఆడతాడంట. వాడి కోచింగుకు, హాకీ అకాడమీ చదువుకు రెండెకరాలు అమ్మి 70 లక్షలు పంపమంటున్నాడు అబ్బాయి. "నాయనా, వాడు ఎన్‌హెచ్‌ఎల్‌లోకి పోతే ఒక్క ఏడాది జీతంతో పదెకరాలు కొనిస్తాడు" అంటాడు. కొనేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. ఒంగోలులో ఉన్న మా అమ్మాయి మాత్రం వద్దంటోంది. ఆ ఆట ఏందో కూడా నాకు తెలియదు. ఏం చేయమంటారు?
— కావలి నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు

జవాబు:

మాస్టారూ, నమస్కారం.

పొలం అమ్మవద్దు. మనవడికి పది లక్షల దాకా ఇవ్వండి, అదీ డిపాజిట్లోంచి. ఇచ్చినది తిరిగొస్తుందని మాత్రం ఎక్కడా లెక్కలో రాసుకోవద్దు. ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే ముందు ఆ ఆట బతుకు ఎట్లా ఉంటుందో కొంత తెలియాలి. మీకు అది చెప్పేవాళ్ళు లేకనే ఇంత తికమక పడుతున్నారని మీ ఉత్తరం చదివితే అనిపించింది.

మన జిల్లాలో ఐస్ అంటే రొయ్యల లారీల్లో వేసే దిమ్మలే. మన దేశంలో ఈ ఆట ఎక్కువగా లదాఖ్ వైపు పిల్లలు గడ్డకట్టిన చెరువుల మీద ఆడతారు. 2025లో మన ఆడపిల్లల జట్టు ఆసియా ఓషియానియా పోటీల్లో కాంస్యం తెచ్చింది కూడా. కెనడాలో మాత్రం మనకు క్రికెట్ ఎంతో వాళ్ళకు ఇది అంత. అక్కడ పేరు నమోదు చేయించుకుని ఆడేవాళ్ళే 5 లక్షల పైమాట. వాళ్ళందరి కళ్ళూ ఉండేది ఎన్‌హెచ్‌ఎల్, అంటే నేషనల్ హాకీ లీగ్ మీద. అమెరికా, కెనడా కలిపి అందులో 32 జట్లు, కెనడావి ఏడే. ఒక్కో జట్టులో 23 మందికి చోటు. 32ను 23తో గుణిస్తే 736. ఆ 736 కుర్చీల కోసం కెనడా పిల్లలే కాదు, అమెరికా, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా, చెక్ పిల్లలు కూడా పోటీ పడతారు. ఏటా పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళలోంచి ఏడు రౌండ్లలో 224 మందిని జట్లు ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. అందులో పేరు వచ్చిందంటే ఉద్యోగం వచ్చినట్టు కాదు. ఆ జట్టుతో తప్ప ఇంకొకరితో బేరమాడే వీలు కొన్నాళ్ళు ఉండదు, అంతే. పేరు వచ్చినవాళ్ళలో చాలామంది ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే మిగిలిపోతారు.

ఇప్పుడు మీ అబ్బాయి చెప్పిన పదెకరాల లెక్క చూద్దాం. న్యాయంగా చెప్పాలంటే ఆ లెక్క తప్పు కాదు. 2026-27 సీజన్‌కు ఎన్‌హెచ్‌ఎల్ కనీస జీతం 8,50,000 డాలర్లు, 2029-30 నాటికి పది లక్షల డాలర్లు. రూపాయల్లో ఏడు కోట్లు దాటుతుంది. ఒంటారియోలో పై శ్లాబులో ఆదాయపు పన్ను 53.5 శాతం. లీగ్ ఆదాయాన్ని యజమానులూ ఆటగాళ్ళూ చెరి సగం పంచుకోవాలన్న ఒప్పందం ఉంది కాబట్టి, లెక్క తేలేదాకా జీతంలో కొంత ఎస్క్రో కింద పట్టి ఉంచుతారు. ఏజెంటు కమిషన్ వేరే. ఇవన్నీ పోయినా మూడు కోట్ల పైన చేతికొస్తుంది. మీరు చెప్పిన ధరకు పదెకరాల దాకా వచ్చేస్తుంది.

బరువంతా "పోతే" అన్న మాట మీదే ఉంది మాస్టారూ. పోయినా ఆ జీతం ఏడాది మొత్తానికి చేతికి రాకపోవచ్చు. పద్దెనిమిదేళ్ళకు ఎంపికైన కుర్రాడికి మొదటి ఒప్పందం మూడేళ్ళకు రాస్తారు. సాధారణంగా అది రెండు జీతాల ఒప్పందం: పై జట్టులో ఉన్న రోజులకు ఒక రేటు, కింది లీగ్ అయిన ఏహెచ్‌ఎల్‌కు పంపిన రోజులకు చాలా తక్కువ రేటు. పై జట్టు జీతం రోజుల లెక్కన కడతారు. పన్నెండు రోజులు పైన ఉండి కిందికి వచ్చేస్తే పన్నెండు రోజుల జీతమే.

మన మూలాలున్న ఆటగాళ్ళలో ఇద్దరి సంగతి చెబుతాను. రాబిన్ బావా పంజాబీ కుటుంబంలో పుట్టాడు. 1989లో వాషింగ్టన్ క్యాపిటల్స్ తరఫున దిగి, ఎన్‌హెచ్‌ఎల్ ఆడిన మొదటి భారతీయ సంతతివాడయ్యాడు. నాలుగు జట్లు మారినా మొత్తం ఆడింది 61 మ్యాచ్‌లు. మిగతా కాలమంతా కింది లీగుల్లో బస్సుల్లో తిరుగుతూ ఆడాడు. మానీ మల్హోత్రాను 1998 డ్రాఫ్ట్‌లో ఏడో పేరుగానే న్యూయార్క్ రేంజర్స్ తీసుకుంది. 991 మ్యాచ్‌లు ఆడాడు. కానీ 2011 మార్చిలో పక్, అంటే వాళ్ళ రబ్బరు బిళ్ళ, కంటికి తగిలి చూపు చాలావరకు పోయింది. మళ్ళీ ఆడాడు, తర్వాత కోచ్ అయ్యాడు. ఇద్దరూ గొప్పవాళ్ళే. ఇద్దరూ ఎన్‌హెచ్‌ఎల్ గడప దాటినవాళ్ళే. అయినా ఒకరికి అక్కడ దక్కింది 61 మ్యాచ్‌లు, ఇంకొకరికి 991. పదిహేనేళ్ళ పిల్లవాణ్ణి చూసి వాడు ఎటు పోతాడో ఆ దేశంలో ఆటగాళ్ళను వెతకడంలో ముదిరిన స్కౌట్లే చెప్పలేరు.

నాకు ఇది వింటే మా ఊరి రొయ్యల గుంటలు గుర్తుకొస్తాయి. అల్లూరు వైపు మా నాయన రెండెకరాల వరి పొలం తవ్వించి టైగర్ రొయ్య వేశాడు. మొదటి పట్టుబడిలో వచ్చిన డబ్బు మా ఇంట్లో అంతకు ముందు ఎవరూ చూసి ఎరగరు. ఆ ధైర్యంతో ఇంకో ఎకరా తాకట్టు పెట్టి సీడు, మేత తెచ్చాడు. 1994లో తెల్లమచ్చ తెగులు వచ్చింది. నాలుగు రోజుల్లో రొయ్యలన్నీ గట్టు పక్కకు వచ్చి చచ్చిపోయాయి. పంట పోయింది సరే, ఏడాది తిరిగాక తాకట్టు ఎకరా కూడా పోయింది. ఎకరా పోవడానికి తెగులును అనలేము. పోతే తట్టుకోలేని సొమ్ము అందులో పెట్టడం వల్ల పోయింది. నేను ఈ డబ్బు సలహాల పనిలోకి వచ్చిందే ఆ ఎకరా వల్ల.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆలోచనలో పడేసిన విషయం. 70 లక్షలు ఇప్పుడు దేనికి? మీ మనవడి వయసు పిల్లలను ఒంటారియో హాకీ లీగ్‌లోని 20 జట్లు ఎంచుకుంటాయి. బ్రాంప్టన్‌లోనే స్టీల్‌హెడ్స్ అనే జట్టు ఉంది. ఆ లీగ్‌లోకి ఎంపికైతే కర్రలు, స్కేట్లు, గేరు అన్నీ జట్టే ఇస్తుంది. వేరే ఊరయితే అక్కడి ఒక కుటుంబం ఇంట్లో ఉంచి తిండి పెట్టే ఏర్పాటూ జట్టుదే. పైగా ఆడిన ఒక్కో సీజన్‌కు ఒక్కో ఏడాది కాలేజీ ఫీజు, పుస్తకాల ఖర్చు స్కాలర్‌షిప్‌గా వస్తుంది. అంటే ఈ ఆటలో తల్లిదండ్రుల జేబు ఖాళీ అయ్యేది ఎనిమిది, తొమ్మిదేళ్ళ నుంచి ఇప్పటి వయసు దాకా. మంచి స్కేట్ల జత వెయ్యి డాలర్లు, కర్ర మూడు వందలు దాటుతుంది, అది విరిగితే ఇంకొకటి. రింకు, అంటే మంచు మైదానం అద్దె, టోర్నమెంట్లు, హోటళ్ళు వేరే. ఆ దశ చాలావరకు అయిపోయాక ఇంత పెద్ద మొత్తం అడుగుతున్నాడంటే, నా అనుమానం, మీ అబ్బాయి ఇప్పటికే ఇంటి మీద అప్పు తీసుకుని ఉంటాడు. మీకు చెప్పడానికి మొహమాటపడుతున్నాడేమో. బిడ్డ కోసం చేసిన అప్పు కాబట్టి తప్పు పట్టను. కానీ పాత అప్పు తీర్చడం, పిల్లవాడి ఆటకు ఖర్చు పెట్టడం ఒకటి కాదు. ఆదివారం ఫోనులో కోప్పడకుండా అడగండి: "నాయనా, బాకీ ఎంత ఉంది? ఈ డబ్బు ఏ ఏడు దేనికి ఖర్చవుతుంది? వాడు లీగ్‌కు ఎంపికైతే ఎంత తగ్గుతుంది, కాకపోతే ఎంత పెరుగుతుంది?" కాగితం మీద రాసి పంపమనండి.

పన్ను సంగతి పెద్ద అడ్డంకి కాదు, క్లుప్తంగా చెబుతాను. పల్లెటూరి వ్యవసాయ భూమి అమ్మితే మూలధన లాభం పన్ను లేదు. బుచ్చి ఇప్పుడు నగర పంచాయతీ. దాని హద్దు నుంచి రెండు కిలోమీటర్ల లోపు ఉందా, నెల్లూరు కార్పొరేషన్ హద్దు నుంచి ఆరు కిలోమీటర్ల లోపు ఉందా చూసుకోవాలి. ఉంటే పన్ను పడుతుంది. కెనడాకు పంపడంలో మాత్రం ఒక చిక్కు ఉంది. కొడుక్కి కానుకగా ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపవచ్చు. అయితే ఒక ఆర్థిక సంవత్సరంలో పది లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందుగా వసూలు చేసే పన్ను, పట్టుకుంటుంది. 70 లక్షలు ఒకేసారి మీ పేరున పంపితే 12 లక్షలు ఇంకా కట్టాలి. రిటర్న్ వేస్తే తిరిగొస్తుంది, వచ్చేదాకా ఎదురుచూడాలి. నేను చెప్పినట్టు ఇప్పుడు ఐదు లక్షలు, వచ్చే ఏడాది ఐదు లక్షలు పంపితే టీసీఎస్ ఊసే ఉండదు. రెండో విడత పంపేముందు వాడి చదువు మార్కులు కూడా అడగండి, తాతగా ఆ హక్కు మీకుంది.

మార్కుల మాట ఊరికే అనలేదు. ఈ ఆట నుంచి మీ మనవడికి దక్కగలిగే వాటిలో నాకు ఎక్కువ నమ్మకమున్నది చదువే. వెనక ఒంటారియో లీగ్ లాంటి కెనడా జూనియర్ లీగ్‌లో ఆడినవాడికి అమెరికా కాలేజీ హాకీ తలుపు మూసుకుపోయేది. 2024 నవంబరులో ఆ నియమం మార్చారు. 2025 ఆగస్టు నుంచి అలాంటివాళ్ళకూ ఆ దారి తెరుచుకుంది. గావిన్ మెకెన్నా అనే కుర్రాడు, ఆ వయసువాళ్ళలో అందరికంటే ముందున్నవాడు, జూనియర్ లీగ్ వదిలి అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళాడు. కాబట్టి మీ మనవడు ఇంటర్ వయసులో సైన్సు, లెక్కలు వదిలేయకుండా ఉంటే, ఆట ఎక్కడ ఆగినా చేతిలో డిగ్రీ ఉంటుంది. జూనియర్ జట్టు స్కాలర్‌షిప్‌కు షరతులు, గడువులు ఉంటాయి. సంతకం చేసేముందు అబ్బాయి ఆ కాగితం పూర్తిగా చదవాలి.

మీ సంగతికి వస్తాను. మీరు ఉన్నన్నాళ్ళు 46 వేలు వస్తాయి. మీ తర్వాత అమ్మగారికి వచ్చే ఫ్యామిలీ పెన్షన్ దానికంటే బాగా తక్కువ. మోకాళ్ళ ఆపరేషన్‌కు హెల్త్ కార్డు ఉన్నా, తర్వాత ఇంట్లో మనిషిని పెట్టుకోవడానికి కార్డు డబ్బులివ్వదు. మనవడికి ఇచ్చే పది లక్షలు పోను మిగిలే 28లో 20 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో, అమ్మగారిని జాయింటుగా చేర్చి వేయండి. 8.2 శాతం చొప్పున మూడు నెలలకు 41 వేలు వస్తాయి. మిగతా ఎనిమిది లక్షలు రెండు బ్యాంకుల్లో విడగొట్టి ఉంచండి, ఒక్కో బ్యాంకులో ఐదు లక్షలకే బీమా ఉంది కాబట్టి. కౌలు పుట్లలో కొలిపిస్తున్నారో డబ్బుగా తీసుకుంటున్నారో రాయలేదు. ఏదైనా సరే, అది అమ్మగారి ఖాతాలో పడేట్టు చూడండి.

మీరు అడగనిది ఒకటి ఉంది, అమ్మాయి మాట. ఆమె వద్దంటోందని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఎందుకు వద్దంటోందో రాయలేదు. ఆ పొలంలో పిత్రార్జితం ఎంతుందో, మీ స్వార్జితం ఎంతుందో ముందు తేల్చుకోండి. పిత్రార్జితంలో ఆడపిల్లకు సమాన హక్కు మన రాష్ట్రం 1986లోనే ఇచ్చింది, 2005 నుంచి దేశమంతా వచ్చింది. చట్టం పక్కన పెట్టినా, అన్న కొడుకు ఆటకు 70 లక్షలు వెళ్ళి, ఆమె పిల్లల చదువుకు ఏమీ మిగలకపోతే మీ తర్వాత ఆ ఇద్దరూ మాట్లాడుకోరు. కెనడాకు వెళ్ళే పది లక్షల సంగతి కూడా ఆమెకు మీ నోటితో చెప్పి పంపండి. మిగిలినదాన్ని వీలునామాలో రాయండి.

అబ్బాయికి ఇంకొక్కటి చెప్పాలి, కష్టమైన మాటే. "పదెకరాలు కొనిస్తాడు" అన్నది పిల్లవాడి చెవిన పడకూడదు. జాక్ జాన్సన్ అనే ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడు 2011లో ఏడేళ్ళకు మూడు కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం చేసుకున్నాడు. డబ్బు వ్యవహారమంతా తల్లిదండ్రుల చేతికిచ్చాడు. అతని రాబోయే జీతాన్ని చూపి అతని పేరున అప్పులు పెరిగాయి. 2014లో దివాలా పిటిషన్ వేయాల్సి వచ్చింది. అప్పటికీ అతను ఆడుతూనే ఉన్నాడు, జీతం వస్తూనే ఉంది. ఆ తల్లిదండ్రులు కూడా చిన్నప్పుడు కొడుకుని తెల్లవారకముందే రింకుకు తీసుకెళ్ళినవాళ్ళే అయి ఉంటారు. తాత పొలం అమ్మి ఆడిస్తున్నాడని తెలిస్తే పదిహేనేళ్ళవాడు ప్రతి మ్యాచ్‌లో ఆ రెండెకరాలు మోసుకుంటూ మంచు మీదికి దిగుతాడు.

కొనేవాళ్ళకు ఈ నెల అగ్రిమెంటు వద్దని చెప్పండి. అడ్వాన్సు తీసుకుని ఉంటే వాడకుండా పక్కన పెట్టి, వెంటనే నాకు రాయండి. అబ్బాయి లెక్క రాసి పంపాక ఆ కాగితం, పొలం దస్తావేజుల నకళ్ళు పంపితే బాకీ ఉందో లేదో చూసి, అతనికి అక్కడే వాయిదాలు తగ్గించుకునే దారి ఏదైనా ఉంటే విడిగా రాస్తాను.