ఎమ్మెల్యే కథ రాస్తున్న తమ్ముడికి

నాయనా,

తెలుగుదేశం నాయకుడు గాలి ముద్దుకృష్ణమనాయుడి మీద నువ్వు రాసి పంపిన అధ్యాయాలు చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. కానీ చదువుతున్నంతసేపూ సన్మానపత్రం వింటున్నట్టే ఉంది. ‘ప్రజల మనిషి’, ‘పేదల పెన్నిధి’ లాంటి మాటలు పుత్తూరు బస్టాండులో ఏ పార్టీ ఫ్లెక్సీ మీదైనా కనిపిస్తాయి. మొహమాటపడకుండా కొట్టెయ్.

ఆరుసార్లు ఎమ్మెల్యే, మంత్రి, చివర్లో ఎమ్మెల్సీ. ఇదంతా ఒక పేజీలో చెప్పేయొచ్చు. నువ్వేమో పదవులకు అన్ని పేజీలిచ్చి, 2009ని ఒక్క వాక్యంలో తేల్చేశావు: ‘పుత్తూరు నియోజకవర్గం రద్దు కావడంతో నగరి నుంచి పోటీ చేసి గెలిచారు’ అని. అసలు కథ అక్కడే ఉంది కదయ్యా! ఉమ్మడి చిత్తూరు జిల్లాకు అంతకుముందు 15 సీట్లు. నియోజకవర్గాల పునర్విభజనతో 14 అయ్యాయి. కొత్తవి రెండు వచ్చినా, పుత్తూరు, వేపంజేరి, వాయల్పాడు పేర్లే లేకుండా పోయాయి. వాయల్పాడు పోయాక కిరణ్‌కుమార్ రెడ్డి పీలేరుకు మారి గెలిచారు, మరుసటి ఏడాదే ముఖ్యమంత్రి అయ్యారు. ముద్దుకృష్ణమ సంగతి వేరు. 1983లో ఆయన్ని మొదటిసారి అసెంబ్లీకి పంపిన పుత్తూరు నగరిలో కలిసింది. సొంతూరు వెంకట్రామాపురం ఉన్న రామచంద్రాపురం మండలమేమో చంద్రగిరి కిందికి వెళ్లింది. అంటే సొంతూరివాళ్లు ఓటేద్దామన్నా ఆయన పేరు వాళ్ల బూత్‌లో ఉండదు. అలాంటి మనిషికి కొత్త సీటులో పాత క్యాడర్ ఏ మేరకు పనికొచ్చింది? నగరి మగ్గాల వీధుల్లో, తమిళం మాట్లాడే ఇళ్లలో ఆయన్ని మనవాడనుకున్నారా? ఇంట్లో కూర్చుంటే ఇవి తెలియవు.

ఇంకో సంగతి. మన వైపు ఎమ్మెల్యే అంటే జనానికి ముందు గుర్తొచ్చేది అసెంబ్లీ కాదు, తిరుమల కొండకు సిఫారసు లెటర్. బెంగళూరు నుంచి చుట్టాలు దిగుతారు. మర్నాడు తెల్లారేసరికి ఇంటాయన ఆధార్ జిరాక్సులు పట్టుకుని ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడతాడు. ‘ఎంతమందప్పా?’ అంటాడు పీఏ. ఆరుగురంటే, ఈరోజు కోటా అయిపోయిందంటాడు. ఇంతలో మండల నాయకుడొకాయన లోపలికెళ్లి వస్తాడు, బ్రేక్ దర్శనం లెటర్ దానంతటదే పుడుతుంది. దొరికినవాడు ‘మా సార్’ అంటాడు. దొరకనివాడు వచ్చే ఎన్నికల దాకా మర్చిపోడు. కాలిన ట్రాన్స్‌ఫార్మర్, రావాల్సిన పెన్షన్, స్టేషన్‌లో కూర్చోబెట్టిన కొడుకు, అన్నీ ఆ గుమ్మం దగ్గరికే వస్తాయి. నీ పుస్తకంలో ఆ గుమ్మమే లేదు. శంకుస్థాపనలు మాత్రం బోలెడు.

2014లో ఆయన రోజా చేతిలో ఓడింది 858 ఓట్ల తేడాతో. ‘సినిమా గ్లామర్‌కు జనం పడిపోయారు’ అని రాశావు. నీకెవరు చెప్పారు? అది ఓడినవాళ్లు చెప్పుకునే మాట. ఫారం 20 తెచ్చుకో, బూత్‌వారీ లెక్క ఉంటుంది. ఓట్లు ఎక్కడ జారాయో చూసి ఆ ఊరి బస్సెక్కు. అప్పటి పోలింగ్ ఏజెంట్లను అడుగు, రెండు పార్టీల వాళ్లనూ.

2004లో ఆయన కాంగ్రెస్ నుంచి గెలిచిన సంగతిని తప్పించుకు పోయావు. ఆయన ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటారని టెన్షన్ కాబోలు. పార్టీ మారడం ఈ జిల్లాలో కొత్తా? చంద్రబాబు 1978లో చంద్రగిరిలో గెలిచింది కాంగ్రెస్ గుర్తు మీదే. 1983లో అక్కడే తెలుగుదేశం చేతిలో ఓడి, ఆ పార్టీలోకే వెళ్లి, 1989లో కుప్పం చేరారు. ఉన్నదున్నట్టు రాయి. ఎందుకు వెళ్లారు, మళ్లీ ఎందుకు వచ్చారు, ఆయన వెంట ఎవరెవరు కదిలారు, ఎవరు కదల్లేదు. కదలనివాళ్లను తప్పకుండా కలువు. వాళ్లు చెప్పేది నీకు నచ్చకపోవచ్చు, అయినా రాసుకో.

ఆయన 2018లో పోయారు. ఆయనతో తిరిగిన మనుషులకూ వయసు మీదపడుతోంది, ముందు వాళ్లను పట్టుకో. మంత్రుల ఇంటర్వ్యూలు తర్వాతైనా దొరుకుతాయి. నగరి అధ్యాయం తిరగరాసి పంపు. మిగతావి అప్పుడు చూద్దాం.

తిరుపతి నుంచి,
మీ అన్న