అక్కాతమ్ముళ్లు దాయాదులవుతారా?

సందేహం: పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి విజయనగరంలోని మా అక్క ఇంటికి వెళ్లినప్పుడు, అటక మీది పెట్టెలో మా చిన్ననాటి గవ్వలు నాలుగూ దొరికాయి. అరుగు మీద సుద్దతో గళ్లు గీసి అష్టాచమ్మాకు కూర్చున్నాము. స్తంభానికి ఆనుకుని వాలిన గవ్వ వెల్లకిలా పడినట్టా, బోర్లా పడినట్టా అన్న యాభై ఏళ్ల నాటి తగవు మళ్లీ లేచింది. ‘దాయాదుల పోరు మళ్లీ మొదలైంది’ అని బంధువులకు రాస్తే, తెలుగు పంతులైన మా మేనల్లుడు అక్కాతమ్ముళ్లు దాయాదులు కారని దిద్దాడు. ఎవరిది ఒప్పు? (బొబ్బిలి పాఠకుడు, పేరు వేయవద్దన్నారు.)

సమాధానం: మీ మేనల్లుడి మాట వాడుకను బట్టి ఒప్పే. అన్నదమ్ముల పిల్లలు, వారి పిల్లలు, అంటే ఒకే ఇంటిపేరుతో ఆస్తి పంచుకోదగిన జ్ఞాతులే మనవైపు దాయాదులు. వేరే ఇంటికి కోడలుగా వెళ్లిన అక్కను ఎవరూ ఆ మాటతో పిలవరు. కానీ ఈ మాట పుట్టినప్పుడు ఇంత ఇరుకుగా లేదు. మీ ఉత్తరం పుణ్యమా అని దాని కథ చెప్పే అవకాశం దొరికింది కనుక వదలను.

దాయాన్ని పుచ్చుకొనేవాడు దాయాదుడు. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు ఆ ‘దాయం’ ఏమిటో ఎంత పొదుపుగా చెప్పాడో చూడండి: సొత్తు గలవాడితో ఉన్న సంబంధం ఒక్కటే కారణంగా ఏ ధనం మరొకరి సొంతమవుతుందో అది దాయం. కొన్నదీ కాదు, గెలిచినదీ కాదు, ఫలానావారికి పుట్టినందుకు వచ్చినది. ఇందులో మళ్లీ రెండు రకాలు. కొడుకులకు పుట్టుకతోనే హక్కు వచ్చేది అప్రతిబంధం. సంతు లేనివాడు పోయాక అతని సోదరులు మొదలైనవారికి దక్కేది సప్రతిబంధం. ఈ గ్రంథాన్ని 13వ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయం’ పేర తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. దశకుమారచరిత్రను తిక్కనకు అంకితమిచ్చిన కేతనే ఈయన. ఆంధ్రభాషాభూషణం అనే వ్యాకరణమూ ఈయనదే. వ్యాకరణమూ ధర్మశాస్త్రమూ ఒకే చేత్తో రాసిన ఆ కవిని ఇప్పుడు పరీక్షల కోసం తప్ప ఎవరూ తలవకపోవడం నాకు కష్టంగానే ఉంటుంది.

అమరకోశం అనే సంస్కృత నిఘంటువు కూర్చిన అమరసింహుడు, ఒక్క మాటకున్న పలు అర్థాలు చెప్పే నానార్థవర్గంలో ‘దాయాదౌ సుతబాంధవౌ’ అన్నాడు. కొడుకు ఒక అర్థం, బంధువు రెండో అర్థం. శత్రువు ఊసు లేదు. తెలుగులోకి వచ్చేసరికి ‘దాయ’ అంటే జ్ఞాతి అనీ, శత్రువు అనీ రెండర్థాలూ స్థిరపడ్డాయి. ఇది మనవాళ్ల దుర్బుద్ధి అనుకోకండి. సంస్కృతంలో ‘భ్రాతృవ్య’ శబ్దం అన్నదమ్ముడి కొడుకునూ చెబుతుంది, పగవాడినీ చెబుతుంది. ‘వ్యన్ సపత్నే’ అని ఆ పగవాడి కోసమే పాణిని ఒక సూత్రం కేటాయించాడు. ఆ సూత్రంలో శత్రువును చెప్పే ‘సపత్న’ శబ్దం కూడా సవతిని చెప్పే ‘సపత్నీ’ శబ్దానికి చుట్టమే. భాగం ఉన్నచోటనే పగ ఉంటుందని రెండు భాషలూ విడివిడిగా కనిపెట్టినట్టున్నాయి.

ఇక గవ్వల సంగతి. తమిళులు పాచికల మీద ఒకటి పడితే ‘తాయం’ పడిందంటారు, ఆ ఆటకూ అదే పేరు. ఆ తాయం మన దాయమేననీ, ఎవరి వంతుకు ఎంత పడితే అంతే అన్న భావంతో ఆస్తి నుంచి ఆటలోకి దిగిందనీ నా నమ్మకం, ఒప్పుకోనివారితో వాదించను. ఏమైనా మహాభారతంలో దాయాదులు కూర్చున్నది పాచికల ముందే. ఆ సభలో భీముడు ప్రతిన పూనే నన్నయ పద్యం ‘కురువృద్ధుల్ గురువృద్ధబాంధవు లనేకుల్ సూచుచుండన్’ అని మొదలవుతుంది. చూస్తూ ఊరకున్నవారు బాంధవులు. రొమ్ము చీల్చి నెత్తురు తాగుతానన్నదీ ఆ బాంధవులలో ఒకడినే. అమరుడు చెప్పిన అర్థానికీ తెలుగు ‘దాయ’కూ మధ్య దూరం ఆ ఒక్క పద్యమే.

ఇంత చరిత్ర గల మాటను మన పత్రికలవారు క్రికెట్టుకు కట్టేశారు. భారత, పాకిస్తాన్ జట్లను దాయాదులనడాన్ని నేను తప్పుపట్టను. 1947లో నేలతోపాటు ఖజానానూ సైన్యాన్నీ కూడా పంచుకున్నవారు గనుక విజ్ఞానేశ్వరుడైనా అభ్యంతరం చెప్పడు. ఒకే రాష్ట్రపు జట్లు రెండు తలపడినా, ఒకే వీధిలో రెండు బట్టల కొట్లు తెరిచినా ‘దాయాదుల సమరం’ అనేవారిని చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. వారు పంచుకోవలసిన తండ్రి సొత్తు ఏమిటి? మరికొందరు మీ ఇద్దరి మధ్య ఉన్నదాన్ని ‘సిబ్లింగ్ రైవల్రీ’ అంటున్నారు. ఈసు, పంతం అన్న మాటలు మన ఇళ్లలో ఇంకా బతికే ఉన్నాయి కదా!

మీ అక్కగారి విషయంలో చిక్కు మరొకటుంది. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది, కానీ ఆ తేదీకి ముందే పెళ్లయినవారిని మినహాయించింది. అప్పట్లో అయితే మీ వాక్యం తప్పో ఒప్పో చెప్పడానికి మీ అక్కగారి శుభలేఖ తెప్పించి చూడవలసి వచ్చేది. 2005 నాటి కేంద్ర సవరణతో ఆ పెళ్లి పట్టింపు పోయింది. కనుక వ్యుత్పత్తిని బట్టి ఆమె నేడు దాయాదే. కానీ గిడుగువారు పుట్టిన శ్రీకాకుళం జిల్లాలో కూర్చుని వాడుకను కాదని వ్యుత్పత్తికి పట్టం కడితే నాకు ఊళ్లో మర్యాద దక్కదు. బంధువులకు సరదాగా రాసిన ఉత్తరంలో మీ మాట చెల్లుతుంది; మేనల్లుడు తరగతిలో చెబితే ఆయనదే చెల్లుతుంది. అంతకు మించి నన్ను నిలదీయకండి.

‘పోరు’కు యుద్ధమే కాదు, సతాయింపు అన్న అర్థమూ ఉంది; ‘ఇంటిలోన పోరు’ అన్న వేమన పద్యం అందరికీ తెలిసిందే. ‘దాయాదుడు’ అన్న రూపం నిఘంటువులకు వదిలి, ‘దాయాది’ అని రాయండి.

వాలిన గవ్వ మాటా అడిగారు. తక్కిన మూడూ వెల్లకిలా పడి ఉంటే, నాలుగోది వెల్లకిల అంటే చమ్మా, మళ్లీ వేసే వంతు దక్కుతుంది. బోర్లా అంటే మూడు, వంతు పోతుంది. తగవు ఎందుకు యాభై ఏళ్లు నిలిచిందో నాకు బాగా తెలుసు. మా వీధిలో అటువంటి గవ్వను లెక్కపెట్టకుండా నాలుగూ తిరిగి వేయించేవారు. ఆ నియమం పెట్టినది మా అన్నగారు. అది ఆయన కాయ పంటకు ఒక్క గడి దూరంలో ఉన్నప్పుడే ఎందుకు అమలయ్యేదో ఆయన ఈనాటికీ చెప్పలేదు.