బియ్యం డబ్బాలో బీపీ మాత్రలు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లె. తొమ్మిది నెలల క్రితం, ఏడో నెలలో బీపీ బాగా పెరిగి నా బిడ్డ కడుపులోనే పోయింది. అప్పటి నుంచి టెల్మిసార్టాన్ వాడుతున్నాను. ఆ మాత్రలు మింగితే పిల్లలు పుట్టరని అత్తయ్య గొడవ చేస్తుంటే బియ్యం డబ్బాలో దాచుకుని వేసుకుంటున్నాను. శ్రావణంలోపు శుభవార్త వినాలని ఆవిడ పట్టు. మావారు చాలా మంచివారు, అమ్మకు ఎదురు చెప్పరు. అత్తయ్యను ఎలా ఒప్పించాలి?

జవాబు: అత్తగారిని ఒప్పించే పని మీది కాదమ్మా. ఆ ప్రశ్న వదిలేయండి.

ముందు మాత్ర సంగతి. కడుపుతో ఉన్నప్పుడు టెల్మిసార్టాన్ వాడకూడదు, బిడ్డ కిడ్నీలకు హాని. అలాగని మీ అంతట మీరు మానేస్తే మీ ప్రాణానికే ముప్పు. మళ్లీ బిడ్డను కోరుకుంటున్నానని డాక్టర్‌కు చెబితే లాబెటలాల్, నిఫెడిపిన్ లాంటి వాటికి మారుస్తారు. అప్పటిదాకా గర్భం రాకుండా జాగ్రత్తపడండి. నెల తప్పితే ఆ రోజే ఫోన్ చేయండి. మూత్రంలో ప్రొటీన్, కిడ్నీ పరీక్షలు ముందే చేయించుకోండి. గర్భం నిలిచాక, మూడు నెలలు నిండేసరికి తక్కువ డోసు ఆస్పిరిన్ కావాలేమో కూడా అడగండి. బీపీ అదుపులో ఉందని డాక్టర్ చెప్పాకే ప్రయత్నం. దానికి శ్రావణం గడువు పెట్టే హక్కు ఎవరికీ లేదు. బీపీతో ఒక బిడ్డను పోగొట్టుకుని, తర్వాత పండంటి బిడ్డను ఎత్తుకున్న తల్లులు ఎందరో ఉన్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరం నాలుగు పేజీలు. అంతటా ‘నా బిడ్డ’, ‘నా బీపీ’, ‘నా వల్లే’. ‘మా బిడ్డ’ అని ఒక్కచోటా లేదు. మీ అమ్మగారు పాత చీరలతో కుట్టిన బొంతను మీవారు అటక మీద పెట్టేశారనీ, ఆ రోజు నుంచి బిడ్డ ఊసే ఎత్తలేదనీ రాశారు. ఆ బొంతను చేత్తో పట్టుకుని నిచ్చెన ఎక్కిన మనిషికి బాధ లేకుండా ఉంటుందా? బాధ ఉంటుంది. కానీ ఆయన నోరు విప్పక, మీరు అడగక, ఇద్దరి దుఃఖమూ మీ ఒక్కరి నెత్తిన పడింది. తప్పు కూడా మీదే అయిపోయింది. మీరు చేసిన పని వల్లో, తిన్న తిండి వల్లో బిడ్డ పోలేదమ్మా. అది జబ్బు.

ఆయన మంచివారే కావచ్చు. అయితే భార్య మందును దొంగతనంగా మింగుతున్న ఇంట్లో మగవాడు నోరు మెదపకపోవడాన్ని నేను మంచితనం అనలేను. తల్లి మీద గౌరవం అంతకన్నా అనను. కన్నతల్లికి నచ్చజెప్పడం కొడుకు బాధ్యత. కోడలు చెబితే అది ఎదురుచెప్పడం అవుతుంది, కొడుకు చెబితే ఆవిడ వింటుంది. ఆవిడ భయం కూడా మనవడి కోసమే కదా.

ఈ రాత్రి ఆయన భోంచేశాక డబ్బాలోంచి ఆ మాత్రల షీటు తీసి చేతిలో పెట్టండి. ఎక్కడ దాచుకుంటున్నారో చెప్పండి. ఈ వారమే డాక్టర్ దగ్గరికి ఇద్దరూ వెళ్లండి. ఆయన బయట కుర్చీలో ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం కాదు, లోపలికి రావాలి. డాక్టర్ చెప్పింది ఆయనే విని, ఆయనే ఇంటికొచ్చి అమ్మకు చెప్పాలి. మీకు మనసైన రోజున ఆ బొంతను కూడా ఆయన్నే దించమనండి.